గ్యారేజీలోని సీసం గుళ్ళు: సరస్సు సంఘాలు గాలపు సామాను మార్పిడి నడపవలసిన తీరు

అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక ఔన్సు, అంటే 28.35 గ్రాములు, లేదా అంతకంటే తక్కువ బరువున్న, చేపల గాలానికి వాడే సీసపు సింకర్లనూ జిగ్గులనూ అమ్మడం, మంచినీటిలో వాడడం 2016 జూన్ 1 నుంచి నిషిద్ధం. అంతకు ముందు, 2000 సంవత్సరంలో, సరస్సుల్లో చిన్న సీసపు బరువుల వాడకాన్ని ఆ దేశంలో మొట్టమొదట ఆపినది కూడా ఈ రాష్ట్రమే. అయినా అక్కడి సరస్సుల్లో లూన్ అనే నీటిపక్షులు సీసం మింగి చనిపోవడం ఆగలేదు. చట్టం దుకాణంలోని అరలను ఖాళీ చేయించగలిగింది గాని, గ్యారేజీ మూలన, పడవ సీటు కింద, తాతగారు వదిలి వెళ్ళిన గాలపు పెట్టెలో ఉన్న గుళ్ళ జోలికి వెళ్ళలేకపోయింది. ఆ పెట్టెలను ఖాళీ చేయించడం ఇరుగుపొరుగు వల్ల మాత్రమే అయ్యే పని. ఆ పనిని, అంటే సీసపు సామాను తీసుకొని బదులుగా సీసం లేనిది అందించే మార్పిడిని, తమ సరస్సు దగ్గర చేపట్టదలచిన సంఘాల కోసం, ముఖ్యంగా అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం, ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

గాలం వేసే అలవాటు లేనివారికి మూడు పేర్లు ముందుగా తెలియాలి. ఎరను నీటి అడుగుకు దించడానికి దారానికి కట్టే బరువును సింకర్ అంటారు. మధ్యలో చీలిక ఉండి, దారంపై నొక్కి బిగించే చిన్న గుండును స్ప్లిట్ షాట్ అంటారు. కొక్కెం తల దగ్గరే లోహం పోసి, ఎరగా కనిపించేలా రంగు వేసినది జిగ్.

గుండు పక్షి కడుపులోకి ఎలా చేరుతుంది

లూన్ చేపలు తిని బతికే పెద్ద నీటిపక్షి. దానికి పళ్ళు లేవు కనుక, మింగిన చేపను నలగగొట్టడానికి సరస్సు అడుగు నుంచి చిన్న గులకరాళ్ళను ఏరి మింగుతుంది. కోడిలో మనం కందనకాయ అని పిలిచే కండరపు సంచిలో ఆ రాళ్ళు నిలిచి ఉంటాయి. వాటి మధ్యకు సీసపు గుండు ఒకటి చేరితే, రాళ్ళు దాన్ని అరగదీస్తాయి, జీర్ణరసంలోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, కరిగిన సీసం రక్తంలో కలిసి నాడులనూ కండరాలనూ దెబ్బతీస్తుంది. ఇందుకు ఒక్క గుండు చాలు. మింగిన రెండు నుంచి నాలుగు వారాల్లో పక్షి చనిపోతుంది.

అడుగున పడివున్న గుండును గులకరాయి అనుకొని మింగడం ఒక దారి మాత్రమే. రెండో దారి సంఘాలకు మరింత ముఖ్యమైనది. కొక్కేనికి తగిలి, దారం తెంచుకొని పారిపోయిన చేప నోట్లో జిగ్గో సింకరో వేలాడుతూ ఉంటుంది. సరిగా ఈదలేని ఆ చేపే లూన్‌కు సులువుగా దొరుకుతుంది. న్యూ హాంప్‌షైర్‌లో సీసం వల్ల కలిగే మరణాలు జూలై, ఆగస్టు నెలల్లో, అంటే సరస్సులపై వేసవి రద్దీ, గాలాల సందడి ఎక్కువగా ఉన్న రోజుల్లోనే పెరుగుతున్నాయి. పక్షులను చంపుతున్నది ఏనాడో అడుగుకు చేరిన పాత సీసం మాత్రమే అయితే, మరణాలు ఇలా ఈ రెండు నెలల్లో గుమికూడవు. అడుగున ఉన్నదాన్ని ఏరడం ఎవరివల్లా కాదు గాని, ఈ వేసవిలో నీటిలో పడబోయేదాన్ని ఆపవచ్చు. ఈ మార్గదర్శినిలోని సూచనలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

నష్టం ఎంతటిదో లెక్క కూడా ఉంది. ఆ రాష్ట్రంలోని మోల్టన్‌బరోలో ఉన్న లూన్ ప్రిజర్వేషన్ కమిటీ 1975 నుంచి ఈ పక్షులను కనిపెట్టుకొని ఉంటోంది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పశువైద్య కళాశాలకు చెందిన మార్క్ పోక్రాస్, ఆ కమిటీకి చెందిన టిఫనీ గ్రేడ్ తదితరులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1989 నుంచి 2012 వరకు ఆ రాష్ట్రంలో సేకరించి పరీక్షించిన ఎదిగిన లూన్‌లలో 48.6 శాతం సీసపు గాలపు సామాను వల్లనే చనిపోయాయి. ఆ మరణాలు లేకపోతే ఉండవలసిన సంఖ్యతో పోలిస్తే రాష్ట్రంలోని లూన్ జనాభా 43 శాతం తగ్గిందని వారు తేల్చారు. లూన్ సుమారు ఆరేళ్ళ వయసు వచ్చే దాకా గుడ్లు పెట్టదు, పెట్టినా ఏడాదికి ఒకటి రెండే పెడుతుంది. అందువల్ల ఎదిగిన పక్షి ఒకటి పోతే ఆ లోటు పూడడానికి ఏళ్ళు పడుతుంది.

చట్టం గీసిన గీత, మీరు గీయవలసిన గీత

న్యూ హాంప్‌షైర్ చట్టం సింకర్లకూ జిగ్గులకూ మాత్రమే వర్తిస్తుంది. లోపల సీసం ఉండే దారం, స్పిన్నర్‌బైట్లు, స్పూన్లు, ప్లగ్గులు అనే కృత్రిమ ఎరలు, ఈగల ఆకారంలో చేసిన ఎరలు దాని పరిధిలోకి రావు. ఇతర రాష్ట్రాల గీతలు వేరు. మసాచుసెట్స్‌లో ఒక ఔన్సు కంటే తక్కువ బరువున్న సీసపు సింకర్లు, జిగ్గులు లోతట్టు నీళ్ళన్నిటిలో 2012 నుంచి నిషిద్ధం. వెర్మాంట్, న్యూయార్క్ రాష్ట్రాల నియమాలు అర ఔన్సు దగ్గర ఆగుతాయి. లూన్ సంఖ్యలో అలాస్కాను మినహాయిస్తే మొదటి స్థానంలో ఉన్న మిన్నెసోటాలో నిషేధం బదులు, ప్రజలు తమంతట తాము మార్చుకునేలా ప్రోత్సహించే ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. ఇంగ్లండ్‌లో 1987లోనే 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల వరకు ఉన్న సీసపు బరువులను ఆపేశారు. అక్కడ చనిపోతూ వచ్చినవి హంసలు.

మార్పిడి బల్ల దగ్గర ఈ తేడాలను వివరిస్తూ కూర్చోవద్దు. సీసం ఉన్న గాలపు సామాను ఏదైనా, ఎంత బరువైనదైనా, తీసుకుంటామని బోర్డు పెట్టండి. చట్టం పరిధిలో లేని సామానుకు, కొత్త సామాను కొనుక్కునే కూపను ఇవ్వకపోయినా, తీసుకోవడం మాత్రం మానవద్దు. ఏది చట్టబద్ధం, ఏది కాదు అని వచ్చినవారే తేల్చుకోవలసి వస్తే, చాలామంది పెట్టె మూత వేసి తిరిగి ఇంటికి తీసుకుపోతారు.

సీసాన్ని గుర్తించడం

సీసం మెత్తన. గోటితో గట్టిగా గీస్తే గీత పడుతుంది, ఆ గీత కాసేపు వెండిలా మెరిసి తరువాత బూడిద రంగుకు తిరుగుతుంది. కాగితంపై రుద్దితే పెన్సిలుతో గీసినట్టు బూడిద చార వస్తుంది. అయస్కాంతం అంటుకుంటే అది ఉక్కు. గోరు దిగకుండా, పరిమాణానికి మించిన బరువుతో ఉంటే చాలావరకు టంగ్‌స్టన్ అనే లోహం. తగరం కూడా మెత్తనే గాని, సీసం కంటే తేలిక, దాని తెలుపు చాలాకాలం నిలుస్తుంది. రంగు వేసిన జిగ్గుల విషయంలో రంగును చూసి మోసపోవద్దు, కందనకాయలో ఆ రంగు నిలవదు. బ్లేడు మొనతో ఒక మూల కొద్దిగా గీకి చూస్తే చాలు. ఎంతకూ తేలకపోతే సీసంగానే లెక్కవేసి డబ్బాలో వేయండి. దంతాలతో కొరికి చూసే పాత అలవాటు ఎవరికైనా ఉంటే అక్కడికక్కడే వారించాలి. స్ప్లిట్ షాట్‌ను పళ్ళతో నొక్కి బిగించే అలవాటు గాలం వేసేవారిలో తరాలుగా ఉంది, పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటారు.

బదులుగా ఏమి ఇవ్వాలి

చాలా మార్పిడి కార్యక్రమాలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయని నా అభిప్రాయం. సీసం తీసుకొని కరపత్రం చేతిలో పెడితే, పెట్టెలో ఏర్పడిన ఖాళీ మళ్ళీ సీసంతోనే నిండుతుంది. ఇతర రాష్ట్రాల దుకాణాల నుంచీ, అంతర్జాలంలో అమ్మేవారి నుంచీ అది ఇప్పటికీ తేలికగా దొరుకుతుంది. ఏ పనికి ఏ లోహం సరిపోతుందో బల్ల దగ్గర నిలబడ్డ మీకు తెలిసి ఉండాలి.

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు. తగరానిది 7.3, ఉక్కుది 7.8, బిస్మత్‌ది 9.8, టంగ్‌స్టన్‌ది 19.3. ఏడు గ్రాముల బరువు కావాలంటే సీసంలో 0.62 ఘన సెంటీమీటర్ల గుండు సరిపోతుంది, తగరంలో 0.96 కావాలి, టంగ్‌స్టన్‌లో 0.36 చాలు. దారం తెగకుండా నొక్కి బిగించవలసిన స్ప్లిట్ షాట్‌కు మెత్తని తగరమే తగినది. గుండు కొంచెం పెద్దదైనా పనితీరులో పెద్ద తేడా ఉండదు. నీటి అడుగున ఈడ్చే పెద్ద సింకర్లకు ఉక్కు చవక. అది తుప్పు పడుతుంది కనుక తడి తుడిచి పెట్టుకోవాలి. జిగ్గులకు బిస్మత్ పరిమాణంలో సీసానికి దగ్గరగా ఉంటుంది గాని, రాయికి గట్టిగా తగిలితే పగిలే గుణం ఉంది. టంగ్‌స్టన్ ఖరీదైనదే అయినా చిన్నదిగా ఉండి త్వరగా దిగుతుంది, గట్టిది కావడం వల్ల అడుగున రాయి తగిలిందా బురద తగిలిందా అన్నది దారం గుండా చేతికి తెలుస్తుంది. చలికాలంలో గడ్డకట్టిన సరస్సుపై రంధ్రం చేసి చేపలు పట్టేవారు చాలామంది ఇప్పటికే టంగ్‌స్టన్ జిగ్గులకు మారారు. పక్షుల మీద దయతోనే మారారని చెప్పలేం, అది మెరుగ్గా పనిచేస్తుందని మారారు. సీసం తప్ప మరొకటి వాడనని భీష్మించే మనిషి చేతిలో ఒక టంగ్‌స్టన్ జిగ్ పెట్టడం అన్ని వాదనల కంటే త్వరగా పనిచేస్తుంది.

జింకును మాత్రం ప్రత్యామ్నాయంగా ఇవ్వవద్దు. మింగిన పక్షికి అది కూడా విషమే. ఇత్తడిలో జింకు ఎలాగూ ఉంటుంది, కొంత సీసం కలిసి ఉండడం కూడా మామూలే కనుక, చట్టం అడ్డు చెప్పకపోయినా దానికి దూరంగా ఉండడం మేలు.

దుకాణంతో ఒప్పందం

లూన్ ప్రిజర్వేషన్ కమిటీ, రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖతో కలిసి 2018లో మొదలుపెట్టిన తిరిగి కొనుగోలు పథకం అనుసరించదగిన నమూనా. నిషిద్ధ సామాను మొత్తం కలిపి ఒక ఔన్సు లేదా అంతకు మించి తెచ్చి ఇచ్చినవారికి, పథకంలో చేరిన గాలపు సామాను దుకాణంలోనే ఖర్చుపెట్టుకోగల 10 డాలర్ల కూపను ఇవ్వడం మొదట్లో అందులోని ఏర్పాటు. ఇందులో నగదు చేతులు మారదు, సీసం ఇచ్చిన మనిషి అదే గదిలో, అదే నిమిషంలో ప్రత్యామ్నాయం కొనుక్కుంటాడు, దుకాణానికి బేరం దక్కుతుంది. పర్యావరణ సంఘం కార్యకర్త మాట కంటే, ఏళ్ళుగా పురుగులూ దారాలూ అమ్ముతున్న దుకాణదారు మాటకు గాలం వేసేవారు ఎక్కువ విలువ ఇస్తారు.

మీ సరస్సుకు దగ్గరలో అలాంటి దుకాణం ఇప్పటికే పథకంలో ఉంటే, మీరు కొత్తది పెట్టవలసిన పనిలేదు. సామాను సేకరించి అక్కడికి పంపండి. లేకపోతే దుకాణదారుతో మూడు విషయాలు కాగితంపై పెట్టుకోవాలి. మొత్తం ఎన్ని కూపన్లు, ఒక మనిషికి ఏడాదికి ఎన్ని, దుకాణానికి డబ్బు ఏ తేదీకి చేరుతుంది. 10 డాలర్ల చొప్పున యాభై కూపన్లకు 500 డాలర్లు అవుతాయి. సరస్సు సంఘం చందాల నుంచో, స్థానిక బ్యాంకు లేదా రోటరీ క్లబ్ విరాళం నుంచో ఆ మొత్తం సమకూరడం అసాధ్యం కాదు. కూపనుపై సీసం లేని సామానుకు మాత్రమే చెల్లుతుందని రాయించడం మరవద్దు.

ఎప్పుడు, ఎక్కడ

మరణాలు జూలైలో పెరుగుతాయి కనుక మార్పిడి అంతకు ముందే జరగాలి. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే వారాంతంలో వేసవి ఇళ్ళ తలుపులు తెరుస్తారు, పడవలు నీటిలోకి దించుతారు, గాలపు పెట్టెలు దుమ్ము దులుపుకుంటాయి. అంతకంటే అనువైన సమయం లేదు. చోటు విషయానికి వస్తే, పడవలు దించే రేవు దగ్గర బల్ల వేయాలని అందరికీ తోస్తుంది గాని, అక్కడికి వచ్చేవారు అప్పటికే పెట్టె సర్దుకొని తొందరలో ఉంటారు. న్యూ హాంప్‌షైర్ చిన్న ఊళ్ళలో జనం ఇంటి చెత్తను తామే బండిలో వేసుకొని ఊరి చెత్త సేకరణ కేంద్రానికి తెస్తారు. శనివారం ఉదయం అక్కడ ఊరిలో సగం మంది కనిపిస్తారు, పైగా గ్యారేజీ సర్దుతున్న మనఃస్థితిలో ఉంటారు. ఊరి అనుమతి తీసుకొని అక్కడ వరుసగా రెండు శనివారాలు బల్ల వేయండి. మొదటి శనివారం చూసి వెళ్ళినవారు రెండోసారి పెట్టె తెస్తారు.

బాస్టన్, నాషువా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఇందులో వేరే పాత్ర ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల సరదా కోసం గాలపు కర్ర, సామాను పెట్టె కలిపి ఎవరో వాడినవి చవకగా కొంటారు, అందులో ఏముందో చూడరు. తెలుగు సంఘాల వేసవి వనభోజనాలు చాలా వరకు సరస్సు ఒడ్డునే జరుగుతాయి కనుక, అక్కడ ఒక గంటసేపు పెట్టెలు తెరిపించి చూసే ఏర్పాటు చేయవచ్చు. వనభోజనాల బల్ల మీద మాత్రం ఆ పని చేయవద్దు.

వచ్చినవారితో మాట్లాడే తీరు గురించి ఒక్క మాట. ఈ సామాను ఎవరిది, ఎన్నాళ్ళుగా వాడుతున్నారు అని అడగవద్దు. జరిమానా మాట ఎత్తవద్దు. గాలం వేసేవారు సరస్సుకు శత్రువులు కారు, లైసెన్సు రుసుముల రూపంలో చేపల సంరక్షణకు డబ్బు కడుతున్నది వారే.

బల్ల దగ్గర జాగ్రత్తలు

సీసాన్ని ముట్టుకుంటే చర్మం గుండా లోపలికి వెళ్ళేది చాలా తక్కువ. చేతికి అంటిన పొడి నోటికి చేరడమే ప్రమాదం. నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) చేతి తొడుగులు వేసుకోండి, బల్లపై కాగితం పరచండి, తినుబండారాలు ఆ దరిదాపుల్లో ఉంచవద్దు. పని అయ్యాక సబ్బు, నీళ్ళతో చేతులు కడగాలి, శానిటైజర్ జెల్ రాసుకుంటే క్రిములు పోతాయేమో గాని సీసం పోదు. తూకానికి వాడిన త్రాసును మళ్ళీ వంటింట్లోకి తేవద్దు. వేరు చేసే పనిని పిల్లలకు అప్పగించవద్దు. వారికి అయస్కాంతం ఇచ్చి ఉక్కు గుళ్ళు ఏరమనాలని అనిపించడం సహజమే అయినా, ఆ కుప్పలో మిగిలినదంతా సీసమేనని గుర్తుంచుకోవాలి.

డబ్బా చిన్నదిగా ఉండాలి. నాలుగు లీటర్ల డబ్బా నిండా గుళ్ళు పడితే బరువు పాతిక కిలోలు దాటుతుంది, పిడి ఊడి కాలిమీద పడుతుంది. మూత బిగుసుకునే ఒక లీటరు డబ్బాలు నాలుగైదు తెచ్చుకొని, ప్రతి దానిపై సీసం అని పెద్ద అక్షరాలతో రాయండి. కొక్కేలున్న జిగ్గులకు వేరే డబ్బా కేటాయించండి.

జబ్బుపడిన లూన్ కనిపిస్తే

సరస్సుపై కన్నేసి ఉంచేవారే ఈ కార్యక్రమానికి ముందుకు వస్తారు కనుక ఇది కూడా వారికి నేర్పాలి. లూన్ కాళ్ళు శరీరానికి బాగా వెనుకగా ఉండడం వల్ల అది నేలపై నడవలేదు, గూటి కోసం తప్ప ఒడ్డుకు రాదు. గూడు లేని చోట ఒడ్డెక్కి కూర్చున్నా, తల వణుకుతున్నా, దగ్గరకు వెళ్ళినా మునగకపోయినా అది ఆపదలో ఉన్నట్టే. అయితే మే నుంచి జూలై దాకా గుడ్లపై ఉన్న లూన్ మనిషి అలికిడికి మెడ చాచి తలను నీటి అంచుకు ఆనించి పడుకుంటుంది, చూడగానే చచ్చిపోతున్నట్టు కనిపిస్తుంది. అది జబ్బు కాదు, మీరు మరీ దగ్గరకు వచ్చారన్న భయం. కనీసం 45 మీటర్ల దూరం వెనక్కు తగ్గండి.

జబ్బుపడినదాన్ని నీటిలోకి తోయవద్దు, చేతితో పట్టవద్దు, దాని ముక్కు కన్ను పొడవగలదు. లూన్ ప్రిజర్వేషన్ కమిటీకో, రాష్ట్ర వన్యప్రాణుల శాఖకో ఫోను చేసి చోటు చెప్పండి. చనిపోయిన పక్షి దొరికినా అంతే. వలస పక్షుల రక్షణకు ఉన్న కేంద్ర చట్టం కింద ఆ కళేబరాన్ని, ఈకలను సైతం, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోకూడదు. ఎక్స్-రే తీసి కందనకాయలో ఏముందో చూసినప్పుడే ఆ మరణం లెక్కలోకి వస్తుంది. పైన చెప్పిన 48.6 శాతం అన్న అంకె అలా ఫోను చేసినవారి పుణ్యమే.

నీటిపై మరో చిన్న జాగ్రత్త ఉంది. లూన్ పడవ దగ్గరకు వస్తే, అది దూరం వెళ్ళే దాకా గాలాన్ని పైకి లాగి ఉంచాలి. చేప బరువుకు తగిన దారం వాడితే తెగిపోయేవి తగ్గుతాయి.

సేకరించిన సీసం ఎటు వెళ్ళాలి

చెత్తబుట్టలోకి వెళ్ళకూడదు. ఊళ్ళు ఏటా నడిపే ఇంటి ప్రమాదకర వ్యర్థాల సేకరణ దినానికి గాని, పథకం నడుపుతున్న సంస్థకు గాని అప్పగించి రసీదు తీసుకోండి. సొంతంగా జిగ్గులు పోసుకుంటాం, కరిగించి వాడుకుంటాం అని అడిగేవారికి ఇవ్వవద్దు. అది మళ్ళీ సరస్సుకే చేరుతుంది. పైగా 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే లోహాన్ని ఇంటి పొయ్యిపై కరిగిస్తే, ఆవిరి, పొడి ఆ ఇంటి పిల్లలకు నేరుగా హాని చేస్తాయి. మన వైపు విసురు వల అంచుకు సీసపు గుళ్ళు పోసుకునే ఇళ్ళకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

సీజను ముగిశాక మొత్తం ఎన్ని కిలోలు వచ్చిందో దుకాణం తలుపు మీద, ఊరి వార్తాపత్రంలో రాయించండి. వాడకుండా మిగిలిన కూపన్లను రద్దు చేయవద్దు. డిసెంబరులో అదే దుకాణానికి తిరిగి పంపితే, మంచుపై చేపలు పట్టే సీజనులో వాటికి గిరాకీ ఉంటుంది. విన్నిపసాకీ సరస్సు ఒడ్డున మెరెడిత్ రోటరీ క్లబ్ ఫిబ్రవరిలో నడిపే మంచు చేపల పోటీ వంటి చోట్లకు ముందుగానే రాసి, నిర్వాహకులను ఒక బల్లకు చోటు అడగండి.